పెడల్ మీద పాదం

“మా ఆయన్ని పట్టుకుపోవడానికి వచ్చినవాళ్ళకి వాఫుల్స్ ఏమిటమ్మా? కాఫీ నీళ్ళు చాలవూ?”

ఓడ్నీ ఈ మాట అనడం ఇది మొదటిసారి కాదు. పోలీసు అధికారి హాల్డిస్ గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్నప్పటి నుంచీ వింటూనే ఉంది. గున్‌వోర్ మాత్రం కూతురి మాటని ఆవిరిలా తలమీంచి పోనిచ్చి, వాఫుల్ పెనం మూత తెరిచి మరో గరిటె పిండి పోసింది.

“వచ్చినవాళ్ళు ఎవరో అడిగి పిండి కలపడం ఈ ఇంట్లో లేదే.”

“నాన్న ఇంకా మట్టిలోకి కూడా పోలేదు!”

“అందుకే. శవం ఉన్న ఇల్లు ఆకలితో ఉన్నట్టు కనపడకూడదు.”

“వదిన చెప్పింది సబబే,” అంది మూలకుర్చీలో మేజోడు అల్లుతున్న బోర్గిల్డ్. గున్‌వోర్ భర్త, చనిపోయిన సిగ్వార్ట్‌కి ఆవిడ చెల్లెలు. మర్నాటి అంత్యక్రియల కోసం అవతలి ఒడ్డు నుంచి వచ్చింది. “కానీ జున్ను పెట్టకు. జామ్ చాలు. జున్ను కూడా పెడితే మనం భయపడ్డామనుకుంటారు.”

హాల్డిస్ నవ్వు ఆపుకుంది. సరిగ్గా చీకటి పడని ఆ జూన్ రోజుల్లో ఆమెకి నిద్ర పట్టి చాలాకాలమైంది. ఎవరో అరచేతితో కళ్ళు మూసి వేళ్ళ సందుల్లోంచి వెలుగు చూపిస్తున్నట్టుంది. పోలీసు పనిలో ఇరవై ఏళ్ళు గడిచాక కూడా, ఇలాంటి సమయంలో ఏది విన్నదో ఏది కలగన్నదో మళ్ళీ ఒకసారి సరిచూసుకోవాల్సి వస్తుంది.

బల్ల చివర ఐవింద్ కూర్చున్నాడు. ఓడ్నీ భర్త, ఈ ఇంటి అల్లుడు. పెంతెకొస్తు పండుగ వెళ్ళిన మంగళవారం మామగారిని పక్కన కూర్చోబెట్టుకుని, రేవు దగ్గరికి దిగే కొండదారిలో కారు నడిపింది అతనే. చివరి మలుపులో కారు రాతిగోడకి కొట్టుకుంది. సిగ్వార్ట్ అక్కడికక్కడే పోయాడు. ఐవింద్‌కి మోచెయ్యి గీరుకుంది. మలుపుకి ముందు రోడ్డుమీద బ్రేకు వేసిన గుర్తు లేదు. ముందువారమే పచ్చికబయళ్ళ విషయంలో మామా అల్లుళ్ళు గట్టిగా అరుచుకోవడం ఊరంతా విన్నది. సాయంత్రం ఫెర్రీలో అతన్ని అవతలి ఒడ్డుకి, అక్కణ్ణించి జైలుకి తీసుకుపోవాలని ప్రమాదాల విభాగం అధికారి తోర్గైర్ నిర్ణయించేశాడు. హాల్డిస్ చేతిలో ఉన్నది ఆ ఫెర్రీ దాకా ఉన్న సమయమే.

“మళ్ళీ చెప్పు ఐవింద్. మొదటి మలుపు నుంచి.”

“మొదటి మలుపులో బ్రేకు పట్టిందండీ. రెండోదాంట్లోనూ పట్టింది. తర్వాత పెడల్ మెత్తబడింది. చర్చి దాటాక కాలి కింద ఏమీ లేదు. కలలో మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేకపోయినట్టు.”

“క్లచ్?”

“క్లచ్ బాగానే ఉంది. గేరు దించాను. బండి ఆగలేదు. హ్యాండ్‌బ్రేక్ లాగితే వెనక భాగం పక్కకి తిరిగి...” అతను ఆగాడు. “ఆయన వైపు తలుపు రాయికి తగిలింది.”

“అంతకుముందు శనివారం క్లచ్‌కీ బ్రేకులకీ పాత ఆయిల్ మార్చి, గొట్టాల్లో గాలి తీశారట కదా. ఎవరు తీశారు?”

“నేనే. ఒక్కణ్ణే. క్లచ్, నాలుగు చక్రాలు, మొత్తం కొత్త ఆయిల్‌తో.”

అడగని ప్రశ్నలకి కూడా కలిపి జవాబు వచ్చేసింది. కూరలో ఉప్పు వేశావా అని అడగకముందే వేశానని చెప్పే వంటమనిషిలా. హాల్డిస్‌కి ఆ తొందర నచ్చలేదు.

“ఆ ఆయిల్ డబ్బా ఉందా?”

ఓడ్నీ వెళ్ళి కార్ల కొట్టంలోంచి ఖాళీ డబ్బా తెచ్చి బల్లమీద ఠక్కున పెట్టింది. “ఇదుగో. దీనికి కూడా సంకెళ్ళు వేస్తారా?”

చిన్న డబ్బా. అర లీటరుది. హాల్డిస్ దాన్ని కోటు జేబులో పెట్టుకుని, సగం తిన్న వాఫుల్ చేత్తోనే పట్టుకుని లేచింది.

*

కారుని రేవు పక్కన ఖాళీగా పడున్న చేపల గిడ్డంగిలో పెట్టి తాళం వేశారు. తోర్గైర్ తలుపు దగ్గరే నిలబడి గడియారం చూసుకుంటున్నాడు.

“పల్లె వాఫుల్స్ బాగున్నట్టున్నాయే! మూతికి జామ్ ఉంది.”

“నీ కళ్ళకి ఉన్నంత లేదు. బ్రేకులు బాగున్నాయని నువ్వు రాసింది చదివాను.”

“రాయిలా ఉన్నాయి. మర్నాడు నేనే తొక్కి చూశాను.” అతను తెలివితక్కువవాడు కాదు. అదే అతనితో వచ్చిన చిక్కు. “ఆయిల్ కారిపోయిందంటావా? ఈ కారులో క్లచ్‌కీ బ్రేకులకీ ఒకే ట్యాంకులోంచి ఆయిల్ వెళ్తుంది. క్లచ్ గొట్టం పైన, బ్రేకు గొట్టాలు అడుగున. ఆయిల్ తగ్గితే ముందు క్లచ్ చావాలి. అది చావలేదు. ట్యాంకు నిండుగానే ఉంది. పోనీ గొట్టాల్లో గాలి ఉందంటావా? ఉంటే పెడల్ ఇవాళ కూడా స్పంజిలా ఉండాలి. ఇక మిగిలింది ఒకటే, తొక్కని కాలు. హ్యాండ్‌బ్రేక్ లాగాడంటావా, లాగాడు. ముసలాయన వైపు తగిలేలా చూసి మరీ లాగాడు.”

“వేడి సంగతి మర్చిపోయావు.”

“కొత్త ఆయిల్ ఆ దిగుడుకి మరగదు. పాల లారీలు రోజూ దిగుతున్నాయి.”

“కొత్తదైతే.”

“వాడే చెప్పాడు కదమ్మా కొత్తదని! పాత ఆయిలండీ, మరిగిపోయిందండీ అంటే తప్పించుకునేవాడు. ఎవడైనా తన మెడకే బిగుసుకునే అబద్ధం ఆడతాడా?”

ఈ కేసులో ఇంతవరకూ ఎవరూ వేయని మంచి ప్రశ్న అది. వేసినవాడు దాన్ని పట్టించుకోకుండా మళ్ళీ గడియారం చూసుకుంటున్నాడు.

“ఆడతాడు,” అంది హాల్డిస్. “ఆ మెడ కంటే ఇష్టమైనవాళ్ళు ఎవరైనా ఉంటే.” జేబులోంచి డబ్బా తీసి ఇంజను మీద పెట్టింది. “నువ్వెప్పుడైనా ఇంట్లో క్లచ్‌కి గాలి తీశావా?”

“మేం గ్యారేజీలో ఇచ్చేస్తాం.”

“మా ఇంట్లో నేనూ మా ఆయనా చేస్తాం. పెళ్ళి నిలుస్తుందో లేదో ఏటా ఆ రోజే తేలుతుంది. క్లచ్ ఒట్టి తాగుబోతు, తోర్గైర్. లోపల గాలి ఒక పట్టాన వదలదు. సగం డబ్బా అదే తాగేస్తుంది. మిగతాది వెనక చక్రాలకి సరిపోతుంది. ముందు చక్రాల దగ్గరికి వచ్చేసరికి ఈ డబ్బాలో చుక్క ఉండదు. మరి ముందు చక్రాల్లో ఉన్నది ఏమిటి? ఎక్కి సీట్లో కూర్చో.”

“నేనా?”

“ఇద్దరు లేనిదే అయ్యే పని కాదు. నేను ‘నొక్కు’ అంటే బ్రేకు పెడల్ నొక్కు. నొక్కి, ‘పట్టాను’ అని చెప్పు. నేను మర బిగించేదాకా కాలు తియ్యకు. తీస్తే గాలి లోపలికి పీల్చుకుంటుంది.”

తోర్గైర్ గొణుక్కుంటూనే ఎక్కాడు. హాల్డిస్ పాత గోనె పరిచి వెనక చక్రం పక్కన పడుకుంది. చక్రం వెనక ఆయిల్ వదిలే చిన్న మరకి సన్నటి గొట్టం తగిలించి, రెండో కొస చిన్న సీసాలో పెట్టింది.

“నొక్కు.”

“నొక్కాను.”

“‘పట్టాను’ అనాలి.”

“పట్టాను, మహారాణీ.”

మర పావు చుట్టు తిప్పితే ఆయిల్ జారి వచ్చింది. బిగించింది. మళ్ళీ నొక్కు, మళ్ళీ పట్టాను. ఆ గిడ్డంగి మసక వెలుతురులో ఆ రెండు మాటలూ ఎవరో ఊపుతున్న ఉయ్యాలలా ముందుకీ వెనక్కీ పోతుంటే హాల్డిస్‌కి కళ్ళు మూతలు పడ్డాయి. ఒకరి మొహం ఒకరికి కనపడదు. ఒకరి చెయ్యి, ఒకరి కాలు, మధ్యలో గొంతు. పొద్దున్నుంచీ తిట్టుకుంటున్న మనిషి కాలిమీద తను నమ్మకం పెట్టుకుని పడుకుని ఉంది. ఇలా ఏళ్ళ తరబడి చేసినవాళ్ళకి ఆ మాట నిద్రలో వినపడినా కాలు కదిలి తీరుతుంది కదా అనుకుంది. ఆ ఆలోచన ఎందుకొచ్చిందో ఆమెకి అప్పుడు తెలియలేదు.

వెనక చక్రంలోది ఒక సీసా, ముందు చక్రంలోది ఇంకొక సీసా. రెండూ వెలుగుకి పట్టి చూస్తే ఒకటే తేనెరంగు.

“కవలపిల్లలు,” అన్నాడు తోర్గైర్, దిగి చేతులు దులుపుకుంటూ. “ఇంకేం కావాలి?”

“నిప్పు,” అంది హాల్డిస్.

*

“ఆ చెంచాలు మళ్ళీ నా సొరుగులోకి రావు,” అంది గున్‌వోర్.

“రాకూడదు కూడా. కిటికీ తీసి పెట్టండి, పొగ మంచిది కాదు.” హాల్డిస్ రెండు పాత చెంచాల్లో రెండు సీసాల ఆయిలూ కొంచెం కొంచెం పోసి, కట్టెల పొయ్యి ఇనుపరేకు మీద పక్కపక్కనే పెట్టింది.

అందరూ పొయ్యి చుట్టూ చేరారు. బోర్గిల్డ్ మేజోడు పట్టుకునే వచ్చింది. ఐవింద్ మాత్రం బల్ల దగ్గరే ఉన్నాడు. చూడకముందే అతని మొహం పాలిపోయింది. హాల్డిస్ చెంచాల్ని వదిలి అతన్నే చూస్తోంది.

వెనక చక్రాలది కదలకుండా మెరుస్తూ ఉండిపోయింది. ముందు చక్రాలది మాత్రం అంచుల్లో సన్నగా బుడగలు కట్టి, ఒక్కసారిగా చిటపటలాడుతూ పొంగి రేకు మీదికి ఎగిరింది. బోర్గిల్డ్ ‘ఓలమ్మో’ అంటూ వెనక్కి గెంతింది.

“నీళ్ళు,” అంది హాల్డిస్ చెంచాలు పక్కకి లాగుతూ. “గాల్లోని తేమని ఈ ఆయిల్ పీల్చుకుంటుంది. చూస్తే తెలియదు. కొండ దిగుతుంటే బ్రేకులు కాలి, అది గొట్టాల్లోనే మరిగి బుడగలవుతుంది. అప్పుడు పెడల్ తొక్కితే బుడగల్ని తొక్కినట్టే. చల్లారాక బుడగలు మళ్ళీ నీళ్ళయిపోతాయి, పెడల్ మళ్ళీ రాయి అవుతుంది. తోర్గైర్, నువ్వు తొక్కింది చల్లారాక.”

తోర్గైర్ వంగి చెంచాని చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఐవింద్, ముందు చక్రాలు నువ్వు చెయ్యలేదు.”

“చేశాను.”

“ఏ ఆయిల్‌తో?”

“ఉన్నదాంతో.”

“ఒక్కడివే ఎలా చేశావు? ఇందాక తోర్గైర్ సీట్లో కూర్చుంటే నేను కింద పడుకుని చెయ్యాల్సొచ్చింది. నేను ‘నొక్కు!’ అంటే...”

ఆ మాట గట్టిగానే వచ్చింది. పొయ్యి పక్కన ఉన్ని చెప్పులు వేసుకుని నిలబడ్డ గున్‌వోర్ కుడిపాదం నేలమీద మెల్లగా, నిండుగా ఒత్తుకుంది. మడమ కదల్లేదు. పెదవులు కదిలాయి.

“పట్టాను,” అంది ఆమె. తనతో తనే అన్నంత చిన్నగా.

గున్‌వోర్ తన పాదాన్ని తనే చూసుకుంది, అది పరాయివాళ్ళదైనట్టు. ఇంకా ఎత్తలేదు.

ఐవింద్ కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. “మీరేం మాట్లాడకండి అత్తయ్యా! నేనడిగితే నొక్కారు, అంతే. శనివారం నేనే అడిగాను.”

“శనివారం అడిగావు, నిజమే,” అంది ఓడ్నీ అయోమయంగా. “ఆయిల్ అయిపోయిందని ఆపేసి గొర్రెల్ని తోలుకుని కొండమీదికి వెళ్ళిపోయావు కదా? మంగళవారం పొద్దున గానీ దిగలేదు. ఆదివారం కొట్టంలో ఉన్నది...” ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఆదివారం అక్కడ ఉన్నది నాన్న.”

“ఓడ్నీ!” అన్నాడు ఐవింద్. బతిమాలుతున్నట్టు అన్నాడు.

గున్‌వోర్ చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

“పండక్కి దుకాణాలు మూసేశారు. తెరిచేదాకా బండి ముట్టుకోవద్దు మామయ్యా అన్నాడు ఐవింద్. మా ఆయనకి ఆగడం ఎక్కడ వచ్చు? నేలమాళిగలో జాడీ ఉంది తెమ్మన్నాడు. గాలి తీసినప్పుడల్లా కారిన పాత ఆయిల్ అందులో పోసి పెట్టేవాడు. పళ్ళరసం తేరడానికి పెట్టినట్టే, మూతికి పల్చటి గుడ్డ కట్టి. మడ్డి అడుగుకి దిగుతుంది, పైది బంగారంలా ఉంటుంది. పారెయ్యడమంటే ఆయనకి ప్రాణం పోయినట్టు.”

“ఆ జాడీనా?” అంది బోర్గిల్డ్. “నిన్న నేనది షర్బత్ అనుకున్నాను!”

“తాగలేదు కదా?” అని హాల్డిస్ గాభరాగా అడిగింది.

“వాసన చూశాను. మీ వంట ఇలాగే ఉంటుందేమో అనుకుని మూసేశాను.”

తోర్గైర్ నేలమాళిగ మెట్లు దిగి, గుడ్డ కట్టిన జాడీని రెండు చేతులా మోసుకొచ్చాడు. అడుగున నల్లటి మడ్డి, పైన రెండంగుళాల బంగారం.

“ఎందుకు దాచావు?” అని హాల్డిస్ ఐవింద్‌ని అడిగింది.

“ఆయిల్ మార్చేశానని మంగళవారం మామయ్య చెబితే దుకాణం నుంచి ఎవరైనా తెచ్చారనుకున్నాను. రాయికి గుద్దుకున్నాక, ఆసుపత్రిలో, జాడీ గుర్తొచ్చింది. గుర్తు రాగానే, మామయ్య ఇంకెవరితో నొక్కిస్తాడు అనిపించింది.” అతను అత్తగారి వైపు చూడలేదు. “ఆవిడ కాలుతో నొక్కిన ఆయిలే ఆయన్ని చంపిందని ఆవిడకి తెలియకూడదు అనుకున్నాను. నేనయితే జైల్లో కొన్నాళ్ళుండి వస్తాను. ఆవిడ ఆ మాటతో ఈ వంటింట్లో ఎన్నాళ్ళుండాలి?”

గున్‌వోర్ అల్లుడి చేతిమీద చెయ్యి వేసింది.

“పిచ్చివాడా, నాకు తెలుసు.”

హాల్డిస్ తల ఎత్తింది.

“మా తమ్ముడు లారీ నడిపేవాడు. చెమ్మ పట్టిన ఆయిల్ కొండమీద చంపుతుందని పెళ్ళయిన కొత్తలోనే చెప్పాడు. నేను మా ఆయనకి చెప్పాను. ‘నీ పని నొక్కడం’ అన్నాడు. మళ్ళీ చెప్పలేదు.” ఆమె గొంతు ఎక్కడో దూరంగా ఉంది, కిటికీ అవతలి నీళ్ళమీంచి వస్తున్నట్టు. “ఈ ఇంట్లో ప్రతి కారు సీట్లోనూ కూర్చున్నాను. ఒక్కటీ కదల్లేదు. ఆయన కింద, నేను పైన. నొక్కు అంటే నొక్కేదాన్ని, కళ్ళు మూసుకుని నడిపేదాన్ని. కొండ దాటి, సొరంగం దాటి, మా అక్కావాళ్ళ ఊరి దాకా వెళ్ళేదాన్ని. దారిలో బెర్రీ పూలు కూడా కనపడేవి. ఆయన ‘అయిపోయింది, దిగు’ అనేసరికి ఇంకా వెనక్కి రావడం అయ్యేది కాదు. ఆ ఆదివారం కూడా అలాగే వెళ్ళాను. ఆపమని చెప్పగలిగేదాన్ని. చెప్పకుండా అక్కా వాళ్ళింటికి వెళ్ళాను.”

“మంగళవారం?” అని హాల్డిస్ మెల్లగా అడిగింది. అడగకుండా ఉంటే బాగుండు అని కూడా అనిపించింది.

“ఆయన నడుపుతాడనుకున్నాను. నెమ్మదిగా దిగుతాడు, ఏమీ కాదు అనుకున్నాను. చూస్తే స్టీరింగ్ దగ్గర ఐవింద్ ఉన్నాడు. కిటికీ తెరిచాను. చెప్పబోయాను. ఆయన తలెత్తి నావైపు చూశాడు.” గున్‌వోర్ చెయ్యి గాల్లోకి కొంచెం లేచింది. “చెయ్యి ఊపాను. వెళ్ళి రండి అని.”

ఓడ్నీ ఏడుపు చప్పుడు లేకుండా మొదలైంది.

“తర్వాత ఈయన బ్రేకులు బాగున్నాయన్నారు.” గున్‌వోర్ తోర్గైర్ వైపు తల ఊపింది. “అయితే నావల్ల కాదనుకున్నాను. ఇంటి అల్లుణ్ణి అనుమానించడానికైనా సిద్ధపడ్డాను చూశారా.”

తోర్గైర్ జాడీని బల్లమీద దించాడు. “ఇవాళ ఫెర్రీకి నేనొక్కణ్ణే వెళ్తాను. ఆవిడ చెప్పింది రాసి సంతకం పెట్టిస్తే చాలు.”

“చాలదు, నీకూ తెలుసు,” అంది హాల్డిస్. తర్వాత గున్‌వోర్‌తో: “అమ్మా, తెలిసీ చెప్పకపోవడం నేరమో కాదో తేల్చేది నేను కాదు. పై వాళ్ళు మీమీదే కేసు పెట్టొచ్చు. సంతకం పెట్టేముందు వకీలుతో మాట్లాడండి.”

“చూశావా వదినా!” బోర్గిల్డ్ సూదులు ఒళ్ళో పడేసింది. “ఎందుకొచ్చిన గొడవ? ఐవింద్‌ని వదిలేస్తున్నారుగా. మిగతాది వాళ్ళ కాగితాల్లో ఉండనీ. రేపు అన్నయ్యని మట్టిలో పెడుతున్నాం. పిసినారితనంతో పోయాడని ఊరు నవ్వాలా?”

“ఊరు ఇప్పుడేమంటోందో విన్నావా అత్తా?” అంది ఓడ్నీ. “నిన్న రొట్టెల కొట్లో ఐవింద్‌కి ఎవరూ దారివ్వలేదు.”

“ఊరు మర్చిపోతుందే.”

“మర్చిపోదు. అల్లుడు తప్పించుకున్నాడు అంటుంది. మా పిల్లలకి కూడా అదే చెప్తుంది.” ఓడ్నీ తల్లి వైపు తిరిగింది. “కానీ అమ్మా, నువ్వు కూడా... నాన్న పోయాక నువ్వు కూడా నాకు లేకుండా పోతే?”

ఐవింద్ అన్నాడు: “వద్దత్తయ్యా. నాకు అలవాటైపోతుంది.”

గున్‌వోర్ అందరి మాటలూ విన్నది. లేచి, చల్లారిన కాఫీ పారబోసి, మళ్ళీ నీళ్ళు పెట్టింది. తిరిగి బల్ల దగ్గరికి వచ్చి, ఒక్కొక్కరి మొహమూ చూసి, రేపు ఎన్ని కేకులు కావాలో చెబుతున్నంత మామూలుగా చెప్పింది.

“రేపు సమాధి దగ్గర్నుంచి వచ్చాక, ఊరంతా కాఫీకి కూర్చున్న దగ్గర, ఎవరైనా రెండు మాటలు చెప్తారా అని పాస్టరు అడుగుతాడు. నేను లేస్తాను. ముందు జాడీ సంగతి చెప్తాను, తర్వాత కిటికీ సంగతి. అది అయ్యాక వీళ్ళతో ఎక్కడికి రమ్మంటే అక్కడికి వెళ్తాను. ఐవింద్ మొదటి బల్ల దగ్గర నా పక్కన కూర్చుంటాడు. ఎవరికైనా ఇష్టం లేకపోతే వాళ్ళు వెనక బల్లకి వెళ్ళొచ్చు.”